ఒక మగ్గానికి ఒక మనిషి

సారు పోయారన్న సంగతి నాకు నెలన్నర ఆలస్యంగా తెలిసింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఏడాదికొకసారైనా పెనుకొండలో దిగి ఆయన్ని చూసి పోవాలని అనుకోవడం, బెంగళూరు నుంచి ధర్మవరం పోయే రైలు పెనుకొండ దాటుతుంటే కిటికీలోంచి కొండను చూసి 'వచ్చేసారి దిగుదాంలే' అనుకోవడం, ఇట్లాగే ఇరవై ఏళ్లు గడిపిన మహాతల్లిని నేను. అశ్వర్థప్ప సారు మాకు ధర్మవరం హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఇల్లు పెనుకొండలో. రోజూ పొద్దున ప్యాసింజరు రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో పోయేవారు. ఆయన కూతురు విమల ఫోన్ చేసి, "అక్కా, నాయన పెట్టెలో నీ పేరుండే నోటుబుక్కు ఒకటి దొరికింది. వచ్చి తీసకపోతావా, పోస్టులో పంపియ్యమంటావా?" అని అడిగింది. పోస్టులో పంపమని నోటిదాకా వచ్చింది. సిగ్గేసి, నేనే వస్తానన్నాను.

పెనుకొండలో ఆ ఇల్లు ఇంకా అట్లాగే ఉంది. ముందు గదిలో చాప మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విమల ఆ పెట్టెను నా ముందుకు జరిపింది. ప్రతి బ్యాచిలో ఒకటో రెండో నోటుబుక్కులు ఆయన దాచుకున్నారట. నాది నలభై పేజీల రూళ్ల పుస్తకం. ఖాకీ అట్ట. అట్ట మీద నా చేతిరాతే, 'ఎ. పద్మావతి, ఎనిమిదో తరగతి'. విప్పితే మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో మూడే మూడు వాక్యాలు. 'మా ఇంట్లో నాయన చీరలు నేస్తాడు. అమ్మ, అవ్వ ఊరికే ఇంట్లో ఉంటారు. నేను, చెల్లెలు చదువుకుంటున్నాము.' దాని కింద పెన్సిలుతో సారు రాసిన మాట ఉంది, 'ఒక రోజంతా మీ అవ్వ పక్కన కూర్చుని, ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూసి రాసుకుని రా.' విమల ఏదో అంటోంది, నాకు వినబడలేదు. ఆ మూడు వాక్యాలే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ధర్మవరంలో నేత ఇల్లు. ఇల్లంటే ఇల్లు కాదు, మగ్గం చుట్టూ కట్టిన నాలుగు గోడలు. లోపలికి అడుగు పెడితే మొదట తగిలేది వాసన. మగ్గం కింద కాళ్లు పెట్టే గుంటలో తడి మట్టి వాసన, పచ్చి పట్టు నుంచి వచ్చే ఒక రకమైన నీచు వాసన, అవ్వ తలకు రాసుకునే ఆముదం, పొయ్యి మీద ఉడికే రాగి సంగటి. ఈ నాలుగూ కలిస్తే మా ఇల్లు. బడి నుంచి వచ్చి వేరే ఇంట్లోకి పొరబాటున దూరినా కళ్లు మూసుకుని మాది కాదని చెప్పగలిగేదాన్ని. నాయన తెల్లారకముందే గుంటలోకి దిగేవాడు. ఆయన కాళ్లు గుంటలో, ఆయన మనసు పడుగులో. పోగును మోసుకుని నాడె అటూ ఇటూ పోయే చప్పుడు ఆగిందంటే అది అన్నం వేళన్నా అయి ఉండాలి, పోగన్నా తెగి ఉండాలి. ఆ చప్పుడు లేని ఆదివారం మధ్యాహ్నాల్లో నాకు నిద్ర పట్టేది కాదు.

అవ్వ చోటు వాకిలి పక్కన. వెలుతురు పడేది అక్కడే. రాట్నం ముందు ఒక కాలు చాపుకుని, ఒక కాలు మడుచుకుని, నోట్లో వక్క నానబెట్టుకుని, పట్టుపోగును కండెలకు చుట్టేది. కండె అంటే నాడె కడుపులో పెట్టే చిన్న పుల్ల, దాని మీద చుట్టిన పోగే చీరకు పేక అవుతుంది. అవ్వ కండె చుట్టకపోతే నాయన నాడె ఖాళీ. ఒక్క పూట అవ్వకు జ్వరం వస్తే మధ్యాహ్నానికి మగ్గం నిలిచిపోయేది. ఇక అమ్మ. పాత పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులు, అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే పాత కొసలకు అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, వేల పోగులు, ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికేది అమ్మ. అంచు వేరే రంగు చీరైతే నాయన పక్కనే మగ్గం మీద కూర్చుని ఇంకో నాడె వేసేది కూడా అమ్మే. చీర అయిపోయి, మడిచి, కొసకు పసుపు అద్ది షావుకారు దగ్గరికి తీసుకుపోతే, ఆయన వెలుతురులో పట్టి చూసి "ఎవరప్పా నేసింది?" అని అడిగేవాడు. "నేనే సామీ" అనేవాడు నాయన. అది అబద్ధం అని నాయనకు గానీ, అమ్మకు గానీ, అవ్వకు గానీ కలలోనైనా తోచలేదు. మా వీధిలో అందరి ఇళ్లలో అదే మాట. నేసేది మగ్గం మీద కూర్చున్న మగవాడు. ఆడవాళ్లు ఊరికే ఉంటారు. నేనూ అదే రాశాను, అంతే.

సారు పెన్సిలుతో రాసిన మాట చదివి నాకు ఒళ్లు మండింది. ఆదివారం పూట తొక్కుడుబిళ్ల ఆడుకోవాల్సింది, పోయి ముసలామె చేతులు చూడాలా? కానీ సారంటే భయం. పుస్తకం పట్టుకుని అవ్వ ఎదురుగా కూర్చున్నాను.

"ఏమే, నా మొగాన ఏమన్నా రాసిండాదా, అట్ల చూస్తాండావు?" అంది అవ్వ.

"సారు రాసకరమ్మన్నాడవ్వా, నువ్వేం పని చేస్తావో."

"నేనేం పని చేస్తానే ముసిల్దాన్ని? ఊరికే కూచోనుంటా. అదే రాయి పో." అంటూనే నిండిన కండె తీసి బుట్టలో వేసి ఇంకోటి తగిలించింది.

"మరి అదేంది?"

"యాది?"

"ఆ చేసేది."

"ఇదా? ఇది పనంటారా ఎవురన్నా! కండెలు." కాసేపు నవ్వి, వక్క ఇంకో బుగ్గకు మార్చి, "మీ సారుకు ఏం పనీపాటా లేదా? పెనుకొండ నుంచి రైలెక్కి వచ్చేది ముసిలోళ్లు ఎట్ల కూచుంటారో కనుక్కునేదానికా?" అంది. ఆ మాట కూడా రాసుకున్నాను. ఆ రోజు పొద్దుగూకే దాకా అవ్వ ఎన్ని కండెలు చుట్టిందో, ఎన్నిసార్లు పోగు తెగితే కంటికి దగ్గరగా పెట్టుకుని ముడేసిందో, మధ్యలో లేచి ఎన్నిసార్లు నడుం పట్టుకుందో, పక్కన అమ్మ ఎంతసేపు పోగులు అతికిందో, అన్నీ రాశాను. రెండు పేజీలు నిండాయి.

సోమవారం సారు దాన్ని క్లాసులో చదివారు. అవ్వ ఆయన్ని తిట్టిన మాట దగ్గర ఆయనే అందరికంటే గట్టిగా నవ్వారు. తర్వాత అడిగారు, "పద్మావతీ, పోయిన వారం మీ ఇంట్లో పని చేసేది ఒక్కరు. ఈ వారం నలుగురైనారే. ముగ్గురు యాడ నుంచి వచ్చినారు?" నేను లెక్కపెట్టి, "ముగ్గురే కదా సారూ, నాయన, అమ్మ, అవ్వ" అన్నాను. "నీ చూపుడువేలు చూపించు" అన్నారాయన. చూపించాను. పట్టుపోగు కోసి కోసి వేలి పక్కన సన్నటి గాడి పడి ఉంది. బడికి వచ్చే ముందు గంట, పోయినాక గంట నేనూ కండెలు చుట్టేదాన్ని. నాకే గుర్తు రాలేదు. "అడిగితే ఎవురూ చెప్పరు. వాళ్లకే తెలీదు పాపం. చూడాల, చూసినాక మళ్లీ అడగాల. మీరు రేపు ఏమైనా కాండి, డాక్టర్లు, ఇంజనీర్లు, ఏమన్నా. ఇది మాత్రం మర్చిపోవద్దండి" అన్నారు సారు. ఆయన చెప్పే సోషల్ అంతా అట్లాగే ఉండేది. పెనుకొండ కోటను చూడటానికి తీసుకుపోయినప్పుడు కూడా రాజుల పేర్లు గబగబా చెప్పేసి, గోడ ముందు నిలబెట్టి, ఈ రాయి మోసినోళ్లకు ఆ పూట ఎవరు వండి పెట్టి ఉంటారని అడిగారు. మాకు అప్పుడు ఆకలిగా ఉంది కాబట్టి ఆ ప్రశ్న బాగా అర్థమైంది.

నాకు లెక్కలు బాగా వచ్చేవి. పదో తరగతి అయ్యాక నాయన నన్ను హిందూపురంలో చిన్నమ్మ ఇంట్లో పెట్టి ఇంటర్లో లెక్కల గ్రూపులో చేర్చాలనుకున్నాడు. నేత ఇంట్లో ఆడపిల్లను అంత చదివించడమే ఆ రోజుల్లో పెద్ద మాట. దానికి నాయనకు ఇప్పటికీ దండం పెడతాను. ఆ సంగతి తెలిసి సారు ఒక సాయంత్రం రైలు వదులుకుని మా ఇంటికి వచ్చారు. నాయన గుంటలో నుంచే తల ఎత్తి, "రా సారూ, కూచ్చో" అన్నాడు.

"అప్పా, ఈ పాపను లెక్కలే చదివించు, నేను వద్దనను. దాంతోపాటు నేను పుస్తకాలు పంపిస్తా ఉంటా. చరిత్ర, కథలు, అట్లాంటివి. వారానికొకటి చదవమని చెప్పు."

"అది చదివితే ఉద్యోగం ఇస్తారా సారూ?" నాయన ఎగతాళిగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"ఇయ్యరప్పా."

"మరి దేనికి సారూ?"

సారు అవ్వ వైపు, అవ్వ రాట్నం వైపు చూసి, "ఉద్యోగం వచ్చినాక కావాల్సొస్తాది" అన్నారు. నాయన తల ఊపాడు, అర్థమై కాదు, మర్యాదకు. నేను తలుపు చాటున నిలబడి, ఆయన తొందరగా పోతే బాగుండునని విసుక్కున్నాను. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

హిందూపురంలో చిన్నమ్మ ఇల్లు బజారు వెనక వీధిలో. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల ఘాటు ఇంట్లోకి కొట్టేది. చిన్నాయనకు కిరాణా అంగడి. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. చిన్నమ్మ నాకు చద్ది పెడుతూ "సదువుకో మే, ఇంజనీరైతే శానా దుడ్లు" అనేది. సారు రెండు మూడు పుస్తకాలు పంపారు. వాటిని పరుపు కింద పెట్టాను, ఎత్తు సరిపోతుందని. తర్వాత ఇంజనీరింగు కాలేజీ. అక్కడ ఆర్ట్స్ పిల్లల్ని చూసి మా హాస్టలు మొత్తం నవ్వేది. వాళ్లు పొద్దున తొమ్మిదింటికి లేస్తారని, పరీక్షల్లో ఏది రాసినా పాసవుతారని. నేనూ నవ్వాను. నవ్వడమేంటి, అందరికంటే బాగా వెక్కిరించేది నేనే, నాకు ఆ విద్య అవ్వ నుంచి వచ్చింది. ఎప్పుడన్నా సెలవుల్లో రైల్లో సారు కనిపిస్తే ముఖం కిటికీ వైపు తిప్పుకునేదాన్ని. ఆయన చూసే ఉంటారు. చూడనట్టు పేపరు చదువుకునేవారు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా కంప్యూటర్ల ముందు బతికాను. మంచి పేరు తెచ్చుకున్నాను. రిటైరయ్యే ముందు నాకు అప్పజెప్పిన చివరి పెద్ద పని నేత కుటుంబాల సర్వే. ఏ సంస్థ, ఎవరు చేయించారు అన్నది ఇక్కడ చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. నేత పని వల్ల వచ్చే జబ్బులకు, కళ్లు, నడుం, భుజాలు, వీటికి వైద్యం చేయించే కార్డు ఇస్తారు. కార్డు ఇంటికి కాదు, మనిషికి. ఎవరెవరికి ఇవ్వాలో తేల్చడానికి ఇంటింటికీ పోయి ఫోన్లో వివరాలు ఎక్కించాలి. ఆ ఎక్కించే ఏర్పాటు, ఫోన్లో నడిచే ప్రోగ్రాము, నేను తయారు చేయాలి. మీటింగులో నేను గొప్పగా చెప్పుకున్నాను, మాది నేత ఇల్లే, నాకు అంతా తెలుసు అని. అందరూ సంతోషించారు. ఇంక ఎవరినీ అడగాల్సిన పని లేదనుకున్నారు. అడగలేదు.

సర్వే చేయించేవాళ్ల భయం ఒకటే, దొంగ పేర్లు. ఇంట్లో పది మంది ఉంటే పది పేర్లూ ఎక్కిస్తారేమోనని. దానికి నేను ఒక చక్కటి ఉపాయం చెప్పాను. ఒక మగ్గానికి ఒక మనిషి. మగ్గం మీద కూర్చునేది ఒక్కరే కదా? రెండో పేరు కొడితే తెర మీద ఎర్రగా వచ్చేట్టు, ముందుకు పోనియ్యకుండా కట్టడి చేశాను. మిగతావాళ్ల ఎదురుగా వృత్తి అన్న చోట 'ఏమీ లేదు' అని దానంతట అదే పడిపోతుంది, సర్వే చేసేవాళ్లకు శ్రమ తగ్గుతుందని. ఇంటికి అరగంట పట్టే పని నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. నాయన ఉండి ఉంటే చూసి ఎంత పొంగిపోయేవాడో అనుకుని ఆ రోజు కళ్లు తుడుచుకున్నాను కూడా.

పెనుకొండలో చాప మీద కూర్చుని, నా చేతిరాతలో ఆ మూడు వాక్యాలు చూసినప్పుడు నాకు విమల మాటలు వినబడనిది అందుకే. పదమూడేళ్లప్పుడు రాసిన తప్పును, దిద్దించుకున్న తప్పును, యాభై ఏడేళ్లప్పుడు మళ్లీ రాశాను. ఈసారి నోటుబుక్కులో కాదు. దిద్దేవాళ్లు లేరు. విమల "ఏమక్కా, నీళ్లు తాగు" అంటే తాగాను. భోజనం చేసి పొమ్మని ఎంత బతిమాలినా ఉండలేక, నేరుగా బస్టాండుకు పోయి ధర్మవరం బస్సెక్కాను. నా చెల్లెలు నాగరత్న అక్కడే ఉంది. ఆమె భర్త నేసేవాడు, పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఇప్పుడు వీధిలో నాలుగిళ్లకు కండెలు చుట్టి ఇస్తోంది.

పోయేసరికి నాగరత్న వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "ఏమక్కా, చెప్పాపెట్టకుండా! తిన్యావా?" అంటూ లోపలికి పోయి ఎడమ చేత్తో చెంబు తెచ్చింది. మా అవ్వ నేర్పిన ఇంట్లో ఎడమ చేత్తో నీళ్లివ్వడం ఉండదు.

"చెయ్యికేమయింది నాగా?"

"ఏం లేదులే."

"ఏం లేదంటే? ఎత్తు చూద్దాం."

ఎత్తబోయింది. మోచెయ్యి నడుం దగ్గరే ఆగిపోయింది. ఆమె ముఖం చూసి నేనే చాలు చాలు అన్నాను. అప్పుడు చెప్పింది. భుజం పట్టేసి చాలా రోజులైంది. హిందూపురంలో డాక్టరుకు చూపిస్తే, రాట్నం తిప్పి తిప్పి లోపల నరమో కండరమో చిరిగిందని, తొందరగా ఆపరేషన్ చేస్తే బాగవుతుందని చెప్పాడట. కార్డు వస్తుంది కదా, వస్తే చేయించుకుందామని ఏడాదిన్నర కాచుకుంది. పోయిన నెల మళ్లీ పోతే, ఇంక లాభం లేదు, ఆలస్యమైపోయిందన్నాడట.

"నాకెందుకు చెప్పలేదే? నేను కట్టేదాన్ని కాదా?"

"నీ దగ్గర ఎన్నిసార్లు అడగాలక్కా? మొగుడు పోయినప్పుడు నువ్వే చూసినావు. ఇది నా కష్టానికి వచ్చే కార్డు, దాంతో చేయించుకుందామనుకున్నా." అని, ఇక ఆగలేక మొదలుపెట్టింది. "సర్వేకు వచ్చిన పాప మంచిదే. మా ఆయన పేరు కొట్టింది. నా పేరు కూడా రాసుకోమ్మా, నలభై ఏండ్ల నుంచి చుడతాండా అన్నా. రెండు మూడుసార్లు కొట్టింది పాపం. ఎర్రగా వస్తాండాదమ్మా, పోనీలే అనింది. ఆయన పోయినాక ఆఫీసు చుట్టూ తిరిగితే, రేపు మాపు అని తిప్పి తిప్పి, కడాకు నీకు వృత్తి లేదు, ఏమీ లేదు అని పడిండాది అన్నారు. నేను నేత మనిషిని కాదంట! నేను చుట్టకపోతే ఆయన ఏం నేసేవాడు, గాలిని నేసేవాడా? ఈ వీధిలో ఎవరు చుట్టకపోతే ఎవరు నేస్తారు? ఆ ఎర్రది పెట్టినోడు యాడుండాడో గానీ, వాడి చేతులు పడిపోను!"

మా అవ్వ వక్క నమిలే నోరు తెరిచి ఒక్కసారి కూడా ఈ మాట అనలేదు. నా చెల్లెలు, అయిదో తరగతితో ఆపేసిన నా చెల్లెలు, ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. ఆమెకు ఆ కోపం ఎంత బాగుందో! వీధిలో పదకొండు మంది ఆడవాళ్లను కూడగట్టిందట. ఎవరితోనో అర్జీ రాయించి, అందరి చేత వేలిముద్రలు, సంతకాలు పెట్టించి, సోమవారం ఆఫీసులో ఇద్దామని అలమరలో పెట్టుకుంది. తెచ్చి చూపించింది. మేం నేత పనివాళ్లం అని మొదలవుతుంది ఆ అర్జీ.

నేను బయటికి వచ్చి, ఇప్పుడు ఆ ఏర్పాటును చూసుకుంటున్న ఇంజనీరుకు ఫోన్ చేశాను. నా కింద పనిచేసిన వాడే. మర్యాదస్తుడు.

"ఆ రూలు తీసెయ్యాలప్పా. రెండో పేరు, మూడో పేరు పట్టాలి. కండెలు చుట్టేవాళ్లు, పడుగు అతికేవాళ్లు."

"కండెలంటే ఏంటి మేడం?"

"మీది ఏ ఊరప్పా?"

"తనకల్లు మేడం. కానీ ఆరో క్లాసు నుంచి హాస్టలే. మేడం, సర్వే క్లోజ్ అయిపోయింది. జిల్లా అంతా, ముదిగుబ్బ, గాండ్లపెంట, అన్నీ లాక్ చేసేశాం. మళ్లీ తెరవాలంటే పై నుంచి రావాలి. ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు కాబట్టి తప్పు ఉందని వాళ్లు ఒప్పుకోరు. కాగితం మీద ఏదన్నా వస్తే నేను పంపించగలను" అన్నాడు.

వాణ్ని ఏమనను? వాడు పుట్టిన ఊరు ఇక్కడికి రెండు మూడు గంటల దూరం. ఆ దూరం దాటించేవాళ్లు వాడికి ఎవరూ దొరకలేదు. ఆరో క్లాసు నుంచి నాలుగు గోడల మధ్య లెక్కలు, ఫిజిక్సు, లెక్కలు, ఫిజిక్సు. పదో తరగతి దాటాక చరిత్ర ముఖం చూడలేదు. ఇప్పుడు మా వైపు కాలేజీల్లో చరిత్ర గ్రూపులో చేరే పిల్లలే లేరంటున్నారు. చెప్పేవాళ్లూ రిటైరై పోతున్నారు. వాడికి ఆ చదువు లేకపోవడం వాడి తప్పు కాదు. నాకు ఉండింది. నా కోసం రైలు వదులుకున్న మనిషి ఉండేవాడు. ఇంజనీరు పిల్లలకు కథలూ చరిత్రా ఎందుకని ఎవరన్నా అడిగితే, నా చెల్లెలి భుజం చూపిస్తాను. కానీ అవి నేర్పితే మాత్రం బాగుపడతారా అని అడిగితే, నన్ను నేనే చూపించుకోవాల్సి వస్తుంది. ఆ మధ్యాహ్నం ఆ వీధిలో నిలబడి, ఏ ఇంట్లో ఎవరు రాట్నం తిప్పుతున్నారో చప్పుడును బట్టి లెక్కపెడుతూ, నాకు బతుకు మీద రోత పుట్టింది.

లోపలికి పోయి నాగరత్న ముందు కూర్చున్నాను. చెప్పకుండా ఉండాల్సింది. తిట్టించుకుంటే బరువు తగ్గుతుందన్న నా స్వార్థం.

"నాగా, ఆ ఎర్రది పెట్టింది నేనే."

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. మీటింగు, శాలువా, ఒక మగ్గానికి ఒక మనిషి, అన్నీ. తిట్టమని ఎదురుచూస్తూ తల వంచుకున్నాను. తలెత్తి చూస్తే ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉన్న చోటంతా ఖాళీ.

"నువ్వా అక్కా?" అంది. "అయ్యో, తెలీక నీ చేతులకే శాపనార్థాలు పెట్టినా." నా రెండు చేతులూ ఎడమ చేత్తో నిమిరింది. "నువ్వు రాసినావంటే ఆలోచన చేసే రాసింటావు. సదువుకున్నదానివి. మేమంటే ఏదో అనుకుంటాం గానీ, కండెలు చుట్టేది కూడా ఒక పనా, ఇంట్లో ఉండే ఆడోళ్లందరం చేసేదే కదా."

"కాదు నాగా, నేను తప్పు రాశాను. ఆ అర్జీ ఇయ్యాలి. అది పోతేనే తెరుస్తారంట. నేనే వస్తాను నీతో."

"ఏందీ, నీ మీద నేను అర్జీ ఇచ్చేదా?" అలమర వైపు నడిచింది. "నీకు శాలువా కప్పినోళ్ల దగ్గరికి పోయి, మా అక్క తప్పు రాసిందని నేను చెప్పల్నా? నా చెయ్యి ఎట్లాగూ పోయింది. నీ పేరు కూడా పోవాల్నా?"

నేను లేచేలోపలే కాగితం తీసింది. కుడి చెయ్యి లేవదు కదా. ఒక కొస పళ్ల మధ్య కరిచిపట్టి, ఎడమ చేత్తో నిలువునా చించింది.